చింతతోపుకు ఒక పట్టా, అందులో చెట్టుకు ఇంకో పట్టానా?

గాండ్లపెంటలో చెనిక్కాయ పంటను నమ్ముకున్న ఇంట్లో ఎస్‌ఎంఏ జబ్బుతో ఒక బిడ్డ పుట్టిందనుకోండి. వెన్నుపాములో కండరాలను ఆడించే నరాల కణాలు చచ్చిపోయే పుట్టుజబ్బు అది. జబ్బు ముదిరితే బిడ్డ కూచోను కూడా కూచోలేదు. దానికి ఇంట్లోనే దినామూ తాగించే మందుండాది, పేరు రిస్‌డిప్లామ్. రోష్ కంపెనీ అమ్మే సీసా ఒకటి 6 లక్షల పైమాటే. కదిరికి పోయి ఎంత చెనిక్కాయ అమ్మితే ఒక సీసా వస్తాదో మీరే లెక్కేసుకోండి.

అంత రేటు ఏంటికి? పేటెంటు ఉండాది కాబట్టి.

ఈ మందును రోష్ ఒక్కటే కనిపెట్టలేదు. అమెరికాలో పీటీసీ థెరప్యూటిక్స్ అనే బయోటెక్ కంపెనీ, ఎస్‌ఎంఏ ఫౌండేషన్‌తో కలిసి 2006లో వెతకడం మొదలుపెట్టింది. రోష్ 2011లో వచ్చి చేరింది. ఇట్లాంటి పరిశోధన కంపెనీ చిన్నగా ఉన్నప్పుడు దానికి అమ్ముకునేదానికి సరుకే ఉండదు. దొరికిన అణువు మీద పేటెంటు కాయితమే దాని ఆస్తి. అది చూపించే పెద్ద కంపెనీల కాడ డబ్బు తెచ్చుకుంటాది. దరఖాస్తు పెట్టిన దినం నుంచి 20 ఏండ్లే గడువు, అందులో చానా ఏండ్లు పరీక్షలకే పోతాయి. అందుకే అసలు పేటెంటే వద్దనే మాట నేను అనను. మనోళ్లలో కొందరు అంటారు గానీ, నాకది సరిగా తోచదు.

తగువంతా ఇంకోచోట ఉండాది. మొదట ఒకే మూలం నుంచి కొమ్మలు మార్చుకుంటూ పోతే వచ్చే అణువుల కుటుంబానికంతా కలిపి పేటెంటు రాయించుకుంటారు. తర్వాత అందులోదే ఒకటి తీసి, ఇది కొత్తది అని మళ్లీ రాయిస్తారు. చింతతోపుకంతా పట్టా చేయించుకున్నోడు, కొన్నేండ్లకు అందులో బాగా కాసే చెట్టును చూపించి, దీనికి వేరే పట్టా ఇయ్యండి, గడువు ఈ పొద్దు నుంచి లెక్కెయ్యండి అన్నట్టు.

రిస్‌డిప్లామ్ మీద మన దేశంలో రోష్‌కు ఉండే పేటెంటు గడువు 2035 దాకా. మన హైదరాబాద్ నాట్కో ఆ మందు చేస్తామని ముందుకొస్తే, రోష్ ఢిల్లీ హైకోర్టుకు పోయింది. రోష్ వాళ్లదే అంతకుముందు అమెరికా పేటెంటులో ఒక అణువుంది. దాంట్లో ఒకచోట కార్బన్ తీసి నైట్రోజన్ పెడితే రిస్‌డిప్లామే. ఆ పని తెలిసినోడికి ఈ మార్పు తట్టేదేనని కోర్టుకు అనిపించింది. 2025 మార్చిలో నాట్కోను ఆపలేమనింది. అక్టోబర్‌లో డివిజన్ బెంచీ కూడా అదే మాట చెప్పింది, సుప్రీంకోర్టు కల్పించుకోలేదు. ఇది మధ్యంతర తీర్పే సుమా, పేటెంటు రద్దయినట్టు కాదు.

నాట్కో పెట్టిన ధర సీసాకు 15,900. సీసాలో 60 మిల్లీగ్రాములు, 20 కిలోలు దాటిన బిడ్డకు దినానికి 5. అంటే 12 దినాలకు సీసా ఖాళీ. ఏడాదికి 30 సీసాలు, 4 లక్షల 77 వేలు. ఇది కూడా మనోళ్లు మోసే బరువు కాదు. అరుదైన జబ్బుల పథకం కింద కేంద్రం ఒక రోగికి 50 లక్షల దాకా ఇస్తాది. పాత ధరకైతే ఆ సొమ్ముకు 8 సీసాలే, మూడు నెలలకు అయిపోతాయి. నాట్కో ధరకైతే 314 సీసాలు, పదేండ్ల పైన వస్తాయి.