సూక్ష్మకణము నుండి మంచినీటి కుండ వరకు

1983వ సంవత్సరమున కలకత్తా నగరములో చర్మవ్యాధుల వైద్యుడైన కె. సి. సాహా వద్దకు కొందరు గ్రామీణులు వచ్చిరి. వారి అరచేతులు, అరికాళ్ళు గట్టిపడి కాయలు కాచియుండెను. ఒంటిమీద నల్లని మచ్చలు లేచెను. రోగమునకు మూలమెక్కడ అని వెదకగా అది వారు త్రాగుచున్న గొట్టపుబావి నీటిలో కనబడినది. ఆ నీరు కంటికి అద్దమువలె నిర్మలమైనది. రుచిలో లోపము లేదు, వాసన లేదు. కాని అందులో ఆర్సెనిక్, అనగా పాషాణము, కరిగియున్నది. చెరువుల నీరు త్రాగి పిల్లలు అతిసారముతో మరణించుచున్నారని ప్రభుత్వములు, అంతర్జాతీయ సంస్థలు వంగదేశమంతట గొట్టపుబావులను ప్రోత్సహించినవి. ఒక కీడును తప్పించుటకు త్రవ్విన బావిలో మరియొక కీడు దాగియుండెను.

సరిగా ముప్పది సంవత్సరముల తరువాత, 2013లో, మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన శాస్త్రజ్ఞులు ఒక క్రొత్త పదార్థమును గూర్చి అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ వారి పత్రికలో వ్యాసము ప్రకటించిరి. విద్యుచ్ఛక్తి అక్కరలేకయే నీటిలోని క్రిములను, విషములను తొలగించు వడపోత సాధనములను ఇట్టి పదార్థములతో చేయవచ్చుననియు, ఒక కుటుంబమునకు ఏడాదికి అయ్యెడి వ్యయము సుమారు రెండున్నర డాలర్లనియు వారు లెక్క తేల్చిరి. ఆ పరిశోధనకు ఆధారము ప్రధానముగా ప్రజాధనము.

వైద్యుని గదికిని, ఆ వ్యాసమునకును నడుమ ఎంత దూరమో, ఆ వ్యాసమునకును పల్లెలోని మంచినీటి కుండకును నడుమ అంతకంటె తక్కువ దూరము లేదు. ప్రభుత్వధనము శాస్త్రముగా, శాస్త్రము వస్తువుగా, వస్తువు ప్రజల వాడుకగా మారు మార్గములో ఏ మజిలీ కఠినమైనదో ఈ నీటి కథ చక్కగా తెలుపును.

నానో యనగా నేమి?

మీటరులో నూరు కోట్లవ వంతు ఒక నానోమీటరు. మనిషి తలవెంట్రుక మందము రమారమి 80,000 నుండి 1,00,000 నానోమీటర్లుండును. 1 నుండి 100 నానోమీటర్ల పరిమాణము గల కణములతో వ్యవహరించునది నానో విజ్ఞానము.

పదార్థము చిన్నదైనంత మాత్రమున దాని గుణమేల మారవలెను? పటికబెల్లపు గడ్డను నీటిలో వేసినచో మెల్లగా కరుగును. అదే బెల్లమును దంచి పొడిచేసి వేసినచో క్షణములో కరుగును. కారణము, పొడిలో నీటికి తగులు ఉపరితలము ఎక్కువ. ఒక సెంటీమీటరు భుజము గల ఘనమునకు ఆరు చదరపు సెంటీమీటర్ల ఉపరితలముండును. దానినే 10 నానోమీటర్ల భుజము గల చిన్న ఘనములుగా ఖండించినచో మొత్తము ఉపరితలము 600 చదరపు మీటర్లగును. పదార్థము పెరుగలేదు, తరుగలేదు. పనిచేయు ముఖము మాత్రము పది లక్షల రెట్లు పెరిగినది. ఇంతేకాక, ఆ పరిమాణమున ఎలక్ట్రానుల నడవడియే మారును. నగలలో పసుపుపచ్చగా మెరయు బంగారము నానోకణములుగా నీటిలో నిలిచినపుడు ఎర్రగా కనబడుటకు హేతువిదే.

ప్రభుత్వములేల పూనుకొన్నవి?

1959 డిసెంబరు 29న రిచర్డ్ ఫైన్‌మన్ అను భౌతికశాస్త్రవేత్త కాలిఫోర్నియాలో ఉపన్యసించుచు, పరమాణువులను ఒక్కొక్కటిగా అమర్చి వస్తువులను నిర్మించుట ప్రకృతి సూత్రములకు విరుద్ధము కాదని చెప్పెను. 1974లో జపాను దేశీయుడైన నోరియో తానిగుచి ‘నానోటెక్నాలజీ’ అను పేరు పెట్టెను. 1981లో జూరిచ్ నగరమున బినిగ్, రోరర్ అను వారు పరమాణువులను చూడగల సూక్ష్మదర్శినిని నిర్మించిరి. అప్పటినుండి ఊహకు చేయి దొరికినది.

అయినను ఈ శాస్త్రము ఖరీదైనది, ఫలితము ఆలస్యమైనది. పది, ఇరువది సంవత్సరముల పిమ్మట లాభము వచ్చునో రాదో తెలియని దానిపై ఏ వర్తకుడును సులభముగా సొమ్ము పెట్టడు. కనుక ప్రభుత్వములే ముందడుగు వేసినవి. 2000 జనవరిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ జాతీయ నానోటెక్నాలజీ కార్యక్రమమును ప్రకటించెను. 2001లో దానికి వెచ్చించినది 46 కోట్ల 40 లక్షల డాలర్లు. నాటినుండి నేటివరకు ఆ దేశము ఖర్చుపెట్టినది 4,000 కోట్ల డాలర్లను మించినది. జపాను, కొరియా, చైనా, ఐరోపా దేశములు తమతమ పథకములను రూపొందించుకొన్నవి. భారతదేశములో 2001న ఒక చిన్న ప్రయత్నముగా మొదలైన పని, 2007లో 1,000 కోట్ల రూపాయల నానో మిషన్‌గా విస్తరించినది. ఆచార్య సి. ఎన్. ఆర్. రావు ఆ మిషన్ మండలికి అధ్యక్షత వహించిరి. 2014లో 650 కోట్ల రూపాయలతో రెండవ దశకు అనుమతి లభించినది.

ఇట్టి వ్యయము వ్యర్థము కాదనుటకు ఒక ప్రసిద్ధమైన నిదర్శనము కలదు. 1988లో ఫ్రాన్సున ఆల్బర్ట్ ఫెర్ట్, జర్మనీలో ప్రభుత్వ సహాయముతో నడచు యూలిష్ పరిశోధన కేంద్రమున పీటర్ గ్రూన్‌బెర్గ్, కొన్ని పరమాణువుల మందము గల లోహపు పొరలలో ఒక వింతను కనుగొనిరి. అయస్కాంత క్షేత్రము ఏ కొంచెము మారినను ఆ పొరల విద్యున్నిరోధము ఎంతో మారుచున్నది. ఆ సూత్రముపై పనిచేయు కంప్యూటరు డిస్కులను ఐ.బి.ఎం. సంస్థ 1997లో విపణికి తెచ్చినది. శాస్త్రజ్ఞులిరువురకు 2007లో నోబెల్ బహుమానము లభించినది. శోధనకును సరకుకును నడుమ గడచినది తొమ్మిదేండ్లు మాత్రమే. ఇంత త్వరగా జరుగుటకు కారణమేమి? ఆ వస్తువు కొరకు కాచుకొని కూర్చున్న పెద్ద పరిశ్రమ అప్పటికే కలదు, దానిని కొనువారి చేతిలో ధనము కలదు. పేదవాని మంచినీటికి ఈ రెండును లేవు.

మద్రాసులో జరిగినది

2003లో మద్రాసు ఐ.ఐ.టి. ఆచార్యుడు టి. ప్రదీప్, ఆయన శిష్యులు వెండి, బంగారు నానోకణములతో ప్రయోగములు చేయుచుండిరి. క్లోరిన్ గల కొన్ని కర్బన పదార్థములను ఆ కణములు విడగొట్టుచున్నట్లు వారు గమనించిరి. మామూలు వెండిముక్కకు ఈ శక్తి లేదు. క్రిమిసంహారక మందులలో అనేకము ఇట్టి జాతివే. కేరళలో ఎందరినో వికలాంగులను చేసినదన్న అపకీర్తి మోసిన ఎండోసల్ఫాన్ అను మందును సైతము బంగారు నానోకణములు పట్టి చూపగలిగినవి.

కాలము కూడ కలిసివచ్చినది. అదే 2003లో ఢిల్లీకి చెందిన సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వారు సీసాలలో అమ్ము నీటియందును, శీతల పానీయములందును క్రిమిసంహారక మందుల అవశేషములున్నవని ప్రకటింపగా దేశమంతట అలజడి రేగినది. కొనువారికి భయము పట్టుకొన్నది. వర్తకునికి అవసరము తెలిసినది. యురేకా ఫోర్బ్స్ సంస్థ ఐ.ఐ.టి.తో ఒడంబడిక చేసికొని, 2007లో ఆ నానోకణములు గల గృహ వడపోత సాధనమును విక్రయమునకు తెచ్చినది.

కాని పట్టణ గృహస్థుని వంటింటి గోడకు తగిలించు యంత్రము వేరు, వంగదేశపు పల్లెలో చేతిపంపు ప్రక్కన నిలువవలసిన తొట్టె వేరు. ఆర్సెనిక్ సమస్యకై అదే బృందము ఇనుప సమ్మేళనమొకటి సిద్ధము చేసినది. రొయ్యలు, పీతల పెంకుల నుండి తీయు కైటోసాన్ అను పదార్థముతో పెనవేసి, ఇసుకరేణువులవంటి గుళికలుగా దానిని తయారుచేసిరి. కొలిమి వేడిమి అక్కరలేదు. మామూలు ఉష్ణోగ్రతలో నీటిలోనే తయారగును. నీటిలోని ఆర్సెనిక్ ఆ ఇనుముపై అంటుకొని నిలిచిపోవును. లీటరు నీటిలో ఆర్సెనిక్ 10 మైక్రోగ్రాములను మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమము. ఆ హద్దుకు లోబడి నీరు వెలువడును. ‘అమృత్’ అను పేరుతో ఈ విధానము పశ్చిమ బెంగాలు మొదలగు రాష్ట్రములలో అమలునకు వచ్చినది.

నడిమి దారి

ప్రయోగశాలలో ఒక పదార్థమును పది గ్రాములు చేయుట విద్వాంసుని పని. కర్మాగారములో దానిని పది టన్నులు చేయుట వర్తకుని పని. ఈ రెంటి నడుమనున్న పని ఎవరిది? గ్రాములలో కుదిరిన గుణము టన్నులలో నిలుచునా? ప్రతి మూటయు ఒకే తీరున వచ్చునా? వెండి నీటిలోనికి ఎంత చేరును? (2013 నాటి పదార్థమున అది లీటరుకు సుమారు 40 మైక్రోగ్రాములని తేలినది, 100 వరకు హాని లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మతము.) విషమును పీల్చుకొని పాడైన గుళికలను ఎక్కడ పారవేయవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పినందువలన శాస్త్రజ్ఞునికి క్రొత్త వ్యాసము రాదు. వర్తకునికి వెంటనే లాభమును రాదు. అందువలననే ఎన్నో చక్కని శోధనలు ఈ నడిమి దారిలో ఆగిపోవుచున్నవి. నానో విజ్ఞానమున ప్రకటితమగు వ్యాసముల సంఖ్యలో భారతదేశము ప్రపంచమున మొదటి వరుసకు చేరినది. ఆ వ్యాసముల నుండి పుట్టిన సరకుల సంఖ్య మాత్రము ఆ వరుసలో లేదు.

ఈ చిక్కును విప్పుటకు దేశములు భిన్నమార్గములు త్రొక్కినవి. అమెరికాలో 1980 నాటి బే–డోల్ చట్టము, ప్రభుత్వధనముతో కనుగొన్న దానిపై పేటెంటు హక్కును విశ్వవిద్యాలయములే ఉంచుకొనుటకు అనుమతించినది. అటువంటి బిల్లునే భారత ప్రభుత్వము 2008లో రాజ్యసభలో ప్రవేశపెట్టి, 2014లో ఉపసంహరించుకొన్నది. ప్రజల సొమ్ముతో పుట్టిన విద్యకు ప్రజలే మరల మూల్యము చెల్లింపవలెనా అను ప్రశ్న అందు ఇమిడియున్నది; అది త్రోసిపుచ్చదగినది కాదు. కాని హక్కెవరిదో తేలినంత మాత్రమున నడిమి దారి తరుగదు. దానిపై నడచు సంస్థలు కావలెను. హైదరాబాదు శివార్లలోని బాలాపూరు వద్దగల ఏ.ఆర్.సి.ఐ. అట్టిది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ క్రింద పనిచేయు ఈ కేంద్రము క్రొత్త పదార్థములను పరిశ్రమకు తగిన మోతాదులో చేసి చూపి, పిదప ఆ విద్యను సంస్థలకు అప్పగించును. నానో వెండి పూసిన పింగాణీ క్యాండిల్ ద్వారా నీటిని శుద్ధిచేయు విధానము అక్కడ రూపొంది పరిశ్రమకు చేరినది.

మద్రాసు ఆచార్యుడును అట్టి మార్గమునే మరియొక విధముగా త్రొక్కిరి. ఐ.ఐ.టి. నీడలోనే ఇన్నోనానో రీసెర్చ్ అను చిన్న సంస్థ ఏర్పడినది. విద్వాంసులే తమ వస్తువును వెంటబెట్టుకొని విపణి వరకు నడచిరని చెప్పవచ్చును.

నల్లగొండ నేర్పిన పాఠము

ఇంతటితో కథ ముగిసినదా? తెలుగునాట దీనికి సమాధానము చాలకాలము క్రిందటనే దొరికినది. దర్శి, కనిగిరి ప్రాంతముల నీటిలో ఫ్లోరైడ్ అధికమై ఎముకలు వంగిపోవుచున్నవని 1937లోనే వైద్యులు వ్రాసిరి. నల్లగొండ జిల్లా అదే వ్యథను తరతరములు అనుభవించినది. నాగపురమునందలి ప్రభుత్వ పరిశోధనశాల 1970 దశకములో సున్నము, పటిక, బ్లీచింగ్ పౌడరులతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని రూపొందించినది. ‘నల్లగొండ పద్ధతి’ అని అది దేశాంతరములలో సైతము పేరుగాంచినది. చౌకైనది, సులభమైనది, ప్రభుత్వధనముతో పుట్టినది. కాని ప్రతిదినము పటికను కొలిచి వేయవలెను, అడుగున దిగిన మడ్డిని తీయవలెను, నీటిని పరీక్షింపవలెను. ఆ శ్రద్ధ గల చోట తొట్టెలు పనిచేసినవి; లేని చోట ఎండిపోయి నిలిచినవి. శాస్త్రము ఓడలేదు. దానికి దినదినము కాపు కాయువాడు లేకపోయెను.

నానో పదార్థమునకును ఈ నియమము తప్పదు. అమృత్ గుళికలకు రోజూ పటిక అక్కరలేదు. కాని వాటికిని ఆయువు కలదు. గుళికల శక్తి ఉడిగిన దినమున నీటి రంగు మారదు, రుచి మారదు. పూర్వమువలెనే నిర్మలముగా కనబడును. పరీక్షించువాడు లేనిచో, శుద్ధమైన నీటికిని, విషము కలిసిన నీటికిని భేదము త్రాగువానికి తెలియదు. తొట్టె ఉన్నదన్న ధైర్యముతో మరింత నిశ్చింతగా త్రాగును. తొట్టె లేని ఊరిలో కనీసము జంకైనను ఉండును.

కనుక ప్రజాధనమును లెక్కకట్టునపుడు ఎన్ని వ్యాసములు వెలువడినవి, ఎన్ని పేటెంట్లు లభించినవి అని మాత్రమే అడిగినచో చాలదు. అయిదేండ్ల తరువాత ఆ తొట్టె క్రింద కుండ పెట్టి నీరు పట్టుకొనుచున్నవారెందరు, ఆ నీటిని ఈ నెలలో పరీక్షించినవారెవరు అని అడుగవలెను. బావి త్రవ్వినంతనే దాహము తీరదు. చేద కావలెను, చేదువాడు కావలెను. ప్రభుత్వములు నేడు నానో పరిశోధనకు ఇచ్చు ధనములో ఈ చివరి పనికి ప్రత్యేకముగా ఒక భాగము కేటాయింపవలసియున్నది. పల్లె పాఠశాలలో రసాయనశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు, నీటి పరీక్ష నేర్చిన పది మంది విద్యార్థులు ఈ కాపు పనికి పనికిరాని వారు కారు. పరీక్షా ద్రవ్యములు గల చిన్న పెట్టె ఒకటి వారి చేతికి అందిన నాడు, మద్రాసులో మొదలైన ఆ పని ఊరిలో ముందుకు సాగును.