హెరాల్డ్ కారుకు డిస్కు బ్రేకులు

మా నాయన కోలారు బంగారు గనుల్లో వైండింగ్ ఇంజను డ్రైవరు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. ఆ లోతుకు మనుషుల్ని దించి పైకి లాగే మనిషికి బ్రేకు అంటే ఎంత పట్టింపో వేరే చెప్పనక్కర్లేదు.

ఆయన కొన్నది 1965 నాటి స్టాండర్డ్ హెరాల్డ్, రెండు తలుపులది. మద్రాసులో తయారైన ఆ కారుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. 1988లో తిరుమల నుంచి పాత ఘాట్ రోడ్డు మీద దిగుతున్నాం. సగం దారిలో పెడలు మెత్తబడింది. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూలకు దూరమవుతుంది, లైనింగు పట్టు తప్పుతుంది. నాయన మొదటి గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, కొండ వైపు మట్టిలోకి పోనిచ్చి ఆపాడు. వెనక సీట్లో ఉన్న అమ్మకు దిగడానికి తలుపు లేదు. ఆ రోజు నుంచి అమ్మ ఆ కారెక్కలేదు. బండి రాబర్ట్‌సన్‌పేటలో మా షెడ్డులోనే ఉండిపోయింది.

2001లో గనులు మూతపడ్డాక నాయనకు పొద్దుపోక మళ్ళీ దాని మీద చెయ్యి వేశాడు. ఇంగ్లండులో ఈ హెరాల్డ్ ఛాసిస్ ఆధారంగానే 1962లో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు చేశారు, ముందు చక్రాలకు డిస్కులతో. అన్నట్టు, లాంచెస్టర్ అనే ఆయన డిస్కు బ్రేకుకు పేటెంటు పొందింది 1902లో. శివనసముద్రం నుంచి మా గనులకు కరెంటు వచ్చిందీ ఆ ఏడే! అక్కడున్న మా చిన్నాన్న కొడుకు స్పిట్‌ఫైర్ పాత సామాను, అంటే స్టబ్ యాక్సిళ్ళు, డిస్కులు, కాలిపర్లు, సూట్‌కేసులో మోసుకొచ్చాడు. బట్టలకు చోటు మిగల్లేదట.

బిగించడం రెండు రోజుల పని. డబ్బు మిగులుతుందని పాత మాస్టర్ సిలిండరే ఉంచాను. అదే పొరపాటు. కాలిపర్ పిస్టన్లు పెద్దవి, ఆయిలు ఎక్కువ అడుగుతాయి. గాలి ఎన్నిసార్లు తీసినా పెడలు నేల దాకా పోయేది. నాయన ఒకసారి తొక్కి చూసి, "ఏమప్పా, గనిలో లోతు చాలదని దీన్లోనూ తవ్వినావా?" అన్నాడు. సరైన సిలిండరు వచ్చేదాకా తాళంచెవి నా చేతికివ్వలేదు. డ్రమ్ములో షూ తనంతట తానే కొంత బిగుసుకుంటుంది. డిస్కుకు ఆ గుణం లేదు, గట్టిగా తొక్కాలి. అదీ అలవాటు చేసుకోవలసి వచ్చింది. వెనక డ్రమ్ములు అలాగే ఉంచాం, స్పిట్‌ఫైరుకూ అంతే.

మొదట వి.కోట, పలమనేరు మీదుగా మొగిలి ఘాటు దిగి చూశాం. కింద ఆగి నాయన మళ్ళీ తొక్కాడు. పెడలు ఎక్కడుండాలో అక్కడే ఉంది. ఇంటికొచ్చి అమ్మకు చెబితే, "మీరు దిగితే చాలదు, నన్ను దించి చూపించండి" అంది.

2004లో తిరుమల వెళ్ళాం. తిరుగు ప్రయాణంలో అమ్మ ముందు సీటే కావాలని పట్టుబట్టింది. తలుపు హ్యాండిలు మీది చెయ్యి అలిపిరి వచ్చేదాకా తియ్యలేదు. అక్కడ మాత్రం దిగి, వెనక సీట్లోకి మారి, కాళ్ళు చాపుకుని నిద్రపోయింది.