తన బొమ్మ తానే గీసుకుంటే...

ఇంప్రెషనిస్టు చిత్రాలను ఇష్టపడేవాళ్లకు బెర్త్ మొరిసో మొహం బాగా పరిచయమే. నల్ల దుస్తులు, నల్ల టోపీ, సూటిగా చూసే పెద్ద కళ్లు. 1872లో ఎడువార్ మానే వేసిన ఆ చిత్రం పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. 1868 నుంచి 1874 వరకు మానే ఆమెను పదిసార్లకు పైనే చిత్రించాడు. బాల్కనీలో కూర్చోబెట్టాడు, సోఫాలో చేరగిలబెట్టాడు, చేతికి విసనకర్ర ఇచ్చాడు. ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా ఆ చేతిలో కుంచె పెట్టలేదు.

మానేతో పరిచయమయ్యేనాటికి మొరిసో చిత్రకళలో కొత్తగా ఓనమాలు దిద్దుకుంటున్న అమ్మాయేం కాదు. నాలుగేళ్ల ముందే, 1864లో, పారిస్ సలాన్ ప్రదర్శనకు ఆమె చిత్రాలు ఎంపికయ్యాయి. అయినా మానే స్టూడియోలో ఆమె మోడలే. పెళ్లికాని పిల్ల కాబట్టి తల్లి తోడొచ్చి పక్కన కూర్చునేది. మానే చిత్రాలు గొప్పవి కావని ఎవరూ అనలేరు. కానీ వాటిని వరసగా చూసిన వారికి ఆమె అందం తెలుస్తుంది, ముభావం తెలుస్తుంది, ఏం పనిచేస్తుందో మాత్రం తెలియదు.

ఆ పని ఏమిటో ఆమె అక్క ఎడ్మాకు తెలుసు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఒకే గురువుల దగ్గర నేర్చుకున్నారు, కామీ కోరో వంటి మహానుభావుడి దగ్గర మెలకువలు పట్టుకున్నారు. 1865 ప్రాంతంలో ఎడ్మా వేసిన చిత్రంలో బెర్త్ రంగుల పలక పట్టుకుని, ఈజెల్ ముందు నిలబడి, పనిలో మునిగిపోయి ఉంటుంది. మనల్ని చూడదు. తీరిక లేదన్నట్టు కాన్వాసునే చూస్తుంది. 1869లో ఎడ్మా ఓ నౌకాదళ అధికారిని పెళ్లాడి కుంచె పక్కన పెట్టేసింది. చెల్లెలిని చిత్రకారిణిగా చూసి గీసిన చెయ్యి అలా ఆగిపోయింది. ఆ తర్వాత ఆ పని చెల్లెలే చేసుకోవాల్సి వచ్చింది.

అందుకు 1885 దాకా పట్టింది. అప్పటికి ఆమెకు 44 ఏళ్లు. మానే తమ్ముడు యూజీన్‌ను పెళ్లాడి పదేళ్లు దాటింది, కూతురు జూలీకి ఆరేళ్లు నిండాయి. 1874 నాటి తొలి ఇంప్రెషనిస్టు ప్రదర్శన మొదలుకొని ఎనిమిదింటిలో ఏడింటికి చిత్రాలు పంపిన మనిషి ఆమె. తప్పిపోయింది 1879 నాటిది ఒక్కటే, జూలీ పుట్టిన మరుసటి ఏడాది.

ఆ స్వీయచిత్రం ఇప్పుడు పారిస్‌లోనే మార్మొతాన్ మ్యూజియంలో ఉంది. దగ్గరగా చూడండి. జుట్టు పైకెత్తి ముడేసుకుంది, నెరుపు దాచలేదు. మెడకు నల్లటి స్కార్ఫు. ఛాతీ మీద నాలుగు గీతల్లో పూలలాంటివేవో కనిపిస్తాయి, ఓ క్షణం పతకమేమో అనిపిస్తుంది. కింది మూలలో రంగుల పలకను చకచకా నాలుగు విసురుల్లో తేల్చేసింది. వెనక చాలామేర రంగు పడని కాన్వాసే. ఇంత తొందరలోనూ కళ్లను మాత్రం వదల్లేదు. మానే చిత్రాల్లో చూపులకు లొంగిన మొహం ఇక్కడ తానే చూపు విసురుతోంది. నా దృష్టిలో ఆ శతాబ్దపు స్వీయచిత్రాల్లో ఇంత నిబ్బరమైనవి తక్కువ.

స్వీయచిత్రం గీసుకునే ఆనాటి చిత్రకారిణులకు అద్దం ఎందుకంత అక్కరకొచ్చిందో, దానికి జవాబు అప్పటి పరిస్థితుల్లోనే ఉంది. పారిస్‌లోని ప్రభుత్వ లలితకళా పాఠశాల ఆడవాళ్లకు 1897 దాకా తలుపులు తెరవలేదు. మగ చిత్రకారులు పొద్దుపోయేదాకా వాదులాడుకునే కఫేలకు మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల వెళ్లకూడదు. మిగిలినవి ఇల్లు, తోట, పిల్లలు, తోబుట్టువులు, అద్దం. వీటిలో ఎవరి అనుమతీ, ఎవరి తోడూ అడగనిది అద్దమొక్కటే.

మానే శిష్యురాలు ఎవా గొంజాలెస్‌కు గురువు కుంచె ఇవ్వకపోలేదు. 1870 నాటి ఆయన చిత్రంలో ఆమె పూలబొమ్మ వేస్తూ కనిపిస్తుంది. కానీ ఒంటిమీద విందుకు వెళ్లేటప్పటి తెల్లటి గౌను! నూనె రంగులతో పనిచేసేవాళ్లెవరూ అలాంటి బట్టల్లో ఈజెల్ ముందు కూర్చోరు. మరో చిత్రకారిణి మరీ బ్రాక్‌మోన్‌ది ఇంకో కథ. భర్త ఫెలిక్స్ కూడా కళాకారుడే. భార్య ఇంప్రెషనిజం వైపు వెళ్లడం ఆయనకు గిట్టలేదు. 1890 ప్రాంతానికి ఆమె చిత్రాలు వేయడం దాదాపు మానేసింది.

అమెరికా నుంచి వచ్చి పారిస్‌లో స్థిరపడిన మేరీ కసాట్ పెళ్లి మాటే తలపెట్టలేదు. ఆమె స్వీయచిత్రాలు మనకు తెలిసినవి రెండే. 1878 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. తెల్ల గౌను, పూల టోపీతో చారల సోఫా మీదికి ఒరిగి, చూపు పక్కకు తిప్పుకుంటుంది. చిత్రకారుడు డెగా పిలుపుతో ఇంప్రెషనిస్టులతో చేరిన కొత్తలోది. 1880 ప్రాంతపు నీటిరంగుల చిత్రంలో ఒరగడాలేవీ లేవు. ఏదో గీస్తూ గీస్తూ తలెత్తి చూసినట్టుంటుంది. చెయ్యి ఇంకా పనిలోనే ఉంది.

దాదాపు అవే రోజుల్లో డెగా కూడా ఆమెను చిత్రించాడు. కుర్చీలో ముందుకు వంగి, చేతిలో పేకముక్కల్లాంటి కార్డులు పట్టుకున్న కసాట్ అది. డెగా ఆమెకు ఆప్తుడు, ఆయన చెయ్యంటే ఆమెకు ఎంతో గౌరవం. అయినా ఆ చిత్రం ఆమెకు సుతరామూ నచ్చలేదు. ఏళ్ల తరబడి దగ్గరే ఉంచుకుని, చివరికి డీలర్ ద్యురాన్-రుయెల్‌కు ఉత్తరం రాసింది. అమ్మేయండి, కానీ అందులో ఉన్నది నేనని ఎవరికీ తెలియకూడదని షరతు పెట్టింది. తను ఎలా కనిపించాలో నిర్ణయించుకునే హక్కు తనదేనని అంత పట్టుదలగా నిలబడ్డ మనిషి. ఆ షరతు ఎక్కువ కాలం నిలవలేదు. వాషింగ్టన్ నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీలో నేడు ఆ చిత్రం కసాట్ పేరుతోనే ఉంది. గీస్తూ తలెత్తిన ఆ నీటిరంగుల చిత్రం కూడా అదే గ్యాలరీ సొత్తు.