పాత టైరు ఎక్కడికి పోవాలి?

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం విద్యార్థి)

చక్రంతోనే మానవుని నాగరికత పరుగు అందుకున్నదని చిన్నప్పటి నుంచి పాఠాల్లో చదువుకుంటున్నాం. ఆ చక్రానికి గాలి నింపిన రబ్బరు తొడుగు వచ్చి నూట ముప్పయి యేళ్ళు దాటింది. తొడుగు అరిగిపోయిన తర్వాత దాన్ని ఏం చేయాలన్నది మాత్రం మనకెవరూ నేర్పలేదు. ఈ సంచికలో కవితలూ కథలూ రాసే మిత్రులు ఎలాగూ ఉన్నారు కనుక, నేను ఈ చిన్న విషయాన్ని ఎత్తుకున్నాను. విషయం చిన్నదే గాని దాని వల్ల వచ్చే కష్టం చిన్నది కాదు.

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ చక్రాల మీద బతికే పట్టణాలు. మొదటి రెండూ హైదరాబాదు - విజయవాడ రహదారి మీద ఉన్నవి. పూర్వం దాన్ని 9వ నంబరు అనేవారు, ఇప్పుడది 65వ నంబరు జాతీయ రహదారి. మిర్యాలగూడ నార్కట్‌పల్లి - అద్దంకి రోడ్డు మీద ఉన్నది. అక్కడి రైసు మిల్లులకు వడ్లు తెచ్చే లారీలు, బియ్యం తీసుకపోయే లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటయి. వీటికి తోడు ఇప్పుడు ఇంటింటికీ మోటారు సైకిలు, వీధికి నాలుగైదు కార్లు. ఇన్ని చక్రాలు తిరిగే చోట పాత టైర్లు ఎక్కడికి పోతున్నయి? ఊరు చివర పంక్చర్ షాపుల వెనక్కి, ఇండ్ల మీది రేకులపైకి, కాలువ గట్లకు, ఆఖరికి మంటల్లోకి!

టైరు ఎందుకు చావదు?

రసాయన శాస్త్రం చదువుకునే వాణ్ణి కాబట్టి ముందు ఈ సంగతి చెబుతాను. రబ్బరు చెట్టు పాలలో ఐసోప్రీన్ అనే చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి అతుక్కొని పొడుగాటి గొలుసులుగా ఉంటాయి. ఈ పచ్చి రబ్బరు ఎండకు జిగటగా మారుతుంది, చలికి పెళుసవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ అనే ఆయన రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే ఈ రెండు జబ్బులూ పోతాయని కనుక్కొన్నాడు. దీనినే వల్కనైజేషన్ అంటారు. గొలుసుకూ గొలుసుకూ నడుమ గంధకం వంతెన కడుతుంది. దాంతో రబ్బరు అంతా ఒకే వలలాగా బిగుసుకుంటుంది.

టైరుకు బలం ఇచ్చేది ఈ వంతెనలే. దాన్ని చావనీయనిదీ ఇవే. ప్లాస్టిక్ బక్కెట్టును కరిగించి మళ్ళీ బక్కెట్టు పోయవచ్చు. టైరును కరిగించి మళ్ళీ టైరు పోయలేము. అన్నం వండినాక దాన్ని తిరిగి బియ్యం చేయలేనట్లే అన్నమాట. పైగా టైరు వట్టి రబ్బరు కాదు. ఏడెనిమిది కిలోలు తూగే కారు టైరులో సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు కలిపి సుమారు సగం ఉంటే, మిగిలినది కార్బన్ బ్లాక్ అనే నల్లపొడి, ఉక్కు తీగలు, జింక్ ఆక్సైడు, గంధకం, నూనెలు. మట్టిలో పూడ్చినా సూక్ష్మజీవులు దాని జోలికి పెద్దగా పోవు.

తాతల నాటి టైరు వేరు

మా తాతల కాలంలో పాత టైరు సమస్యే కాదు. రైతు ఇంట్లో ఏదీ పారేసే అలవాటు లేదు. లారీ టైరు అరిగితే ఎద్దుల బండికి వచ్చేది. అక్కడా పనికిరాకపోతే చెప్పులు కుట్టే వాళ్ళు కోసి టైరు చెప్పులు చేసేవారు. బావిలో చేదుకునే బొక్కెన, మట్టి మోసే తట్ట, బర్రెల కుడితి తొట్టి కూడా దానితోనే. అప్పటి టైర్లలో నూలు గాని నైలాను గాని పొరలుండేవి. పదునైన కత్తికి లొంగేవి.

ఇప్పుడు కార్లకు వచ్చేవి దాదాపు అన్నీ రేడియల్ టైర్లు. నేలను తాకే పట్టా కింద ఉక్కు తీగల పొర ఉంటుంది. చెప్పులు కుట్టే కత్తికి అది తెగదు. ఎద్దుల బండ్లూ తగ్గిపోయినవి. పాత టైరుకు ఉండిన రెండో జన్మ, మూడో జన్మ పోయినవి గాని “ఎందుకైనా పనికొస్తది, ఉంచు” అనే అలవాటు మాత్రం మనలో అట్లనే మిగిలిపోయింది. కొత్త టైరు వేయించుకున్నప్పుడు షాపతను “అన్నా, పాతది తీస్కపోతవా, ఈడనే ఉంచాల్నా?” అని అడిగితే మనం డిక్కీలో వేసుకొని ఇంటికి తెస్తాం. అసలు తిప్పలు ఇక్కడ మొదలవుతుంది.

టైరులో నీళ్ళు, నీళ్ళలో డెంగీ

ఇంటికి తెచ్చిన టైరు రేకులు గాలికి లేవకుండా బరువుగా ఇంటి మీదికి ఎక్కుతుంది. మా వంటి రైతుల ఇండ్లలో గడ్డివాము మీద కప్పిన పట్టాకూ, కల్లంలో వడ్ల రాశి మీది పట్టాకూ అదే బరువు. వాన పడుతుంది. టైరును ఎట్లా పడేసినా, పడుకోబెట్టినా నిలబెట్టినా, దాని లోపలి వంపులో నీళ్ళు నిలుస్తాయి. బోర్లిద్దామంటే దానికి బోర్లా, వెల్లకిలా అనే తేడాయే లేదు. లోపల చీకటి, చల్లదనం, రాలిన ఆకులు. డెంగీని మోసే ఈడిస్ దోమకు ఇంతకన్నా మంచి ఇల్లు ఎవరు కట్టి ఇవ్వగలరు?

ఈ దోమ మురికి కాలువల్లో పెరిగేది కాదు. నిలిచిన మంచి నీళ్ళే దానికి కావాలి. నీటి అంచుకు కాస్త పైన, టైరు గోడకు గుడ్లు అంటిస్తుంది. నీళ్ళు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి చావకుండా ఉండి, మళ్ళీ వాన పడగానే పగులుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. ఆ దోమ ఎక్కువ దూరం పోదు. కొన్ని వందల గజాల లోపే, పట్టపగలు కుడుతుంది. అంటే నా ఇంటి మీది టైరులో పుట్టిన దోమ నా పక్కింటి పిల్లవాణ్ణే కుడుతుందన్నమాట.

పాత టైర్లు దోమను సముద్రాలు కూడా దాటించినవి. ఆసియా నుండి ఓడల్లో పోయిన పాత టైర్ల వెంట పులిచారల దోమ అమెరికా చేరింది. 1985లో టెక్సాస్ రాష్ట్రంలో దాన్ని గుర్తించినారు.

మా ఊళ్ళో ఒక కుటుంబం పత్తి అమ్మిన పైసలన్నీ కొడుకు డెంగీ వైద్యానికే ధారపోసింది. పిల్లవాడు దక్కిండు, అదే పదివేలు. ఆ జ్వరం ఏ టైరు నుండి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. కాని వాళ్ళ వాడలో నీళ్ళు నిలిచిన టైర్లు ఎన్ని ఉన్నవో ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

మంట పెడితే పోదా?

చాలామందికి తోచే ఉపాయం మంట. చలిమంటకు, భోగిమంటకు, రాస్తారోకోకు, చేనుకు అడవిపందులు రాకుండా వేసే మంటకు కూడా టైరే దొరుకుతుంది. కిలోకు కిలో చూస్తే టైరులోని వేడి బొగ్గులోని వేడికి తక్కువ కాదు. అందుకే అది అంత బాగా మండుతుంది. కాని బయట మండే మంటలో దహనం పూర్తి కాదు. గంధకం సల్ఫర్ డయాక్సైడు అవుతుంది. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడు, బెంజీను, కాన్సరు కలిగించే బెంజోపైరీను వంటివి, సన్నటి మసి మన ఊపిరిలోకి వస్తాయి. మిగిలిన బూడిదలో జింకు ఉంటుంది. కరిగిన నూనె నేలలోకి దిగుతుంది.

టైర్ల గుట్టకు నిప్పంటుకుంటే ఆర్పడం మానవమాత్రుల వల్ల కాదు. టైరు ఆక్రమించే చోటులో ముప్పాతిక వంతు ఖాళీయే కాబట్టి లోపలంతా గాలి. పైన నీళ్ళు కొడితే కింద మండుతూనే ఉంటుంది. 1983లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో వించెస్టర్ దగ్గర అంటుకున్న టైర్ల గుట్ట తొమ్మిది నెలలు కాలింది. 1990 ఫిబ్రవరిలో కెనడాలోని హేగర్స్‌విల్‌లో సుమారు కోటీ నలభై లక్షల టైర్లు 17 రోజులు మండినవి.

నీళ్ళలో వేస్తే? అదీ చూసినారు. 1970వ దశకంలో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన, చేపలకు ఆవాసం అవుతుందని ఇరవై లక్షల దాకా టైర్లను సముద్రంలో వేసినారు. కట్లు తెగి అవి అలలకు కొట్టుకపోయి, పక్కనున్న సహజమైన పగడపు దిబ్బలనే చెడగొట్టినవి. వాటిని తీయడానికి తర్వాత చాలా యేళ్ళు పాటుపడవలసి వచ్చింది. సాగర్ ఎడమ కాలువలో టైరు వేసేవారు ఇది గుర్తుంచుకోవాలి. కాలువ ఆ టైరును ఎక్కడో ఒక తూము దగ్గరికి చేర్చి వదులుతుంది, అంతే.

మరి ఎక్కడికి పంపాలి?

టైరుకు మంచి చావులు నాలుగున్నవి.

మొదటిది రీట్రెడింగ్. మన వైపు “రీబటన్” అంటారు. లోపలి కట్టు గట్టిగా ఉంటే, అరిగిన పైపట్టా మీద కొత్త రబ్బరు వేసి మళ్ళీ నడపవచ్చు. లారీలకూ బస్సులకూ ఇది బాగా కలిసివస్తుంది. ఆర్టీసీకి దీనికోసం సొంత షాపులున్నాయి. కారు టైర్లకు మాత్రం తక్కువగానే చేస్తారు.

రెండవది ముక్కలు చేసి, తీగలు తీసి, పొడి చేయడం. ఆ పొడిని తారులో కలిపి రోడ్లు వేస్తారు. కొంత రబ్బరును రసాయనాలతో, వేడితో మెత్తబరచి “రీక్లెయిమ్ రబ్బరు”గా చాపలకూ ఇతర వస్తువులకూ వాడతారు.

మూడవది సిమెంటు కొలిమి. మన మేళ్లచెరువు, మఠంపల్లి, దామరచర్ల వైపు సున్నపురాయి ఉండడం వల్ల సిమెంటు ఫ్యాక్టరీలు ఎన్నో వెలసినవి. సిమెంటు కొలిమిలో సరుకు 1450 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. తగిన ఏర్పాట్లతో అందులో వేసిన టైరు పూర్తిగా దహనమవుతుంది. గంధకాన్ని సున్నం పట్టుకుంటుంది. ఉక్కు తీగలోని ఇనుము సిమెంటులోనే కలిసిపోతుంది. బూడిద కూడా విడిగా మిగలదు. దీనికి కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తప్పనిసరి.

నాల్గవది పైరాలిసిస్. గాలి తగలకుండా టైరును వేడిచేస్తే నూనె, బొగ్గుపొడి, గ్యాసు, ఉక్కు వేరవుతాయి. సరిగ్గా చేస్తే పని మంచిదే. సరైన యంత్రాలు లేకుండా చేస్తే ఆ వాసనకు చుట్టుపక్కల ఊళ్ళు నిలవలేవు. కాబట్టి అనుమతి ఉన్నదా లేదా అన్నది ముఖ్యం.

చట్టం ఏమంటుంది?

కేంద్ర ప్రభుత్వం 2022 జూలైలో పాత టైర్లపై నియమాలు తెచ్చింది. వాటి ప్రకారం టైర్లు తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలే పాత టైర్ల బాధ్యత తీసుకోవాలి. 2022-23లో, తాము 2020-21లో తయారుచేసిన పరిమాణంలో 35 శాతానికి, మరుసటి యేడు 70 శాతానికి, 2024-25 నుండి నూటికి నూరు శాతానికి లెక్క చూపాలని నిర్ణయించినారు. కంపెనీ తానే టైర్లు ఏరనక్కరలేదు. అనుమతి పొందిన రీసైక్లింగ్ కర్మాగారాల నుండి ఆ మేరకు సర్టిఫికెట్లు కొంటే చాలు. అంటే రిజిస్టరయిన కర్మాగారానికి చేరిన ప్రతి టైరుకూ ఇప్పుడు ఒక విలువ ఉన్నది. మన రేకుల మీద ఉన్న టైరుకు ఏ విలువా లేదు!

మనం చేయగల పని

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. టైరు మార్చిన రోజే, షాపు దగ్గరే దాని దారి తేల్చాలి. ఇంటికి తేవద్దు. అక్కడ పదిమంది టైర్లు ఒకచోట చేరుతాయి కాబట్టి లారీ వస్తుంది. ఇంటికొకటి చొప్పున చెదిరిపోతే ఏ లారీ రాదు. వదిలేటప్పుడు ఒక్క మాట అడగాలి: “ఇవి ఎక్కడికి పోతయన్నా?” ఇటుక బట్టీకి అంటే ఇవ్వవద్దు. పదిమంది అడిగితే షాపతను కూడా ఆలోచిస్తాడు.

ఇప్పటికే ఇంట్లో ఉన్నవాటిని పంక్చర్ షాపుకో, పాత సామాన్ల దుకాణానికో, మునిసిపాలిటీ పొడిచెత్త కేంద్రానికో అడిగి అప్పగించాలి. అంతదాకా కప్పు కింద పెట్టాలి. బరువుకో, పిల్లల ఊయలకో వాడక తప్పదంటే అడుగున నాలుగైదు రంధ్రాలు వేయించాలి. ట్రాక్టరు టైరును తొట్టిగా వాడితే వారానికొకసారి నీళ్ళు పారబోసి, లోపలి గోడను కొబ్బరిపీచుతో గట్టిగా రుద్దాలి. గుడ్లు గోడకే కదా ఉండేది! శుక్రవారం “డ్రై డే” అని ఆరోగ్య శాఖ వారు చెప్పేది ఇందుకే.

ఇక టైరు ఎక్కువ కాలం నడిస్తే పాతవి తక్కువ పోగుపడతాయి. నెలకు రెండుసార్లయినా గాలి చూపించుకోవాలి. ముందువి వెనుకకు మార్పించాలి. అట్లని మరీ నున్నగా అరగనీయరాదు. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలసిందే.

మన వల్ల అవుతుందా అని సందేహించనక్కరలేదు. 2003 ప్రాంతంలో ఇదే సూర్యాపేట మునిసిపాలిటీ వీధుల్లో చెత్తకుండీలు తీసేసి, ఇంటింటి నుండి తడిచెత్త, పొడిచెత్త వేరుగా సేకరించింది. తడిచెత్తతో వానపాముల ఎరువు చేసి, పొడిచెత్త అమ్మి, దేశంలో పేరు తెచ్చుకున్నది. అరటితొక్కకు దారి చూపిన ఊరు టైరుకు దారి చూపలేదా?

మన విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. యేటా మృగశిర కార్తెకు ముందు, వానలు పడక మునుపే, మూడు పట్టణాల్లో ఒక ఆదివారం “టైర్ల దినం” పెడదాం. ఎన్.ఎస్.ఎస్. మిత్రులు వాడవాడకూ తిరిగి టైర్లు ఎత్తించాలి. మునిసిపాలిటీ వారు ట్రాక్టరు, చోటు ఇవ్వాలి. అనుమతి ఉన్న కర్మాగారం వారు వచ్చి తీసుకపోవాలి. ఎన్ని పోగైనవో ఆ లెక్కను వచ్చే యేటి సంచికలో అచ్చువేద్దాం. ఈ వ్యాసం చదివిన మిత్రులు ముందుగా తమ ఇంటి మీదికెక్కి ఒకసారి చూస్తే, ఆ లెక్క అక్కడి నుండే మొదలవుతుంది.