బీజగణితమంటే బెదురెందుకు?

బీజగణితమంటే మనలో చాలామందికి బెదురు. మా పినపాక అడవిలో వేసవిలో జరిగే తునికాకు లెక్కతోనే దాన్ని విప్పి చూపుతాను. 50 ఆకులు ఒక కట్ట. కల్లంలో 120 కట్టలు అప్పజెప్పిన మనిషికి, ముందు వాడుకున్న 40 రూపాయలు మినహాయించి 260 రూపాయలు చేతికిచ్చారనుకోండి. కట్టకు ఎంత కట్టినట్టు? తెలియని ఆ ధరను ‘క్ష’ అందాం.

120క్ష − 40 = 260

సమీకరణం త్రాసులాంటిది, ఒక పళ్ళెంలో చేసిందే రెండోదాంట్లోనూ చెయ్యాలి. రెండువైపులా 40 కలిపితే:

120క్ష = 300

రెండువైపులా 120తో భాగిస్తే:

క్ష = 2.50

సరిచూద్దాం: 120 × 2.50 = 300; అందులో 40 తీసేస్తే 260. సరిపోయింది.

ఒప్పుకున్న ధర 3 రూపాయలైతే కట్టకు అర్ధరూపాయి చొప్పున మొత్తం 60 రూపాయలు తగ్గించారన్నమాట! నిలదీసి అడగడానికి కలపడం, భాగించడం, సరిచూడడం, ఈ మూడు మెట్లు చాలు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఒక్కరికైనా నేర్పండి, మిత్రులారా!