చిగుళ్ల నెత్తురు, కడుపులో బిడ్డ: లెక్కలు ఏం చెబుతున్నాయి?

మొన్న పొద్దున రాయచోటిలో మా ఎదురింటి అమ్మాయి బ్రష్షు చేత పట్టుకునే వచ్చింది. ఐదో నెల. తెల్లటి కుచ్చు మొదట్లో ఎర్రటి చార. "అక్కా, ఉమ్మితే నురగంతా ఎర్రగా వస్తాంది. ఇట్లుంటే బిడ్డ నెలలు నిండకుండానే పుడుతుందని ఫోన్‌లో చూసినా. నిజమేనా?" వెనకే వాళ్లత్త వచ్చింది. "కడుపుతో ఉండేటప్పుడు పండ్లు గీకించుకోగూడదు, ఊరకుండు" అనింది. భయాలు రెండు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు నెత్తురు సంగతి. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్లు పెరుగుతాయి. దాంతో కాస్త పాచికే చిగుళ్లు వాస్తాయి. నూరు మంది గర్భిణుల్లో 60 నుంచి 75 మందికి ఇలా అవుతుంది. కానుపయ్యాక చాలామందికి తగ్గిపోతుంది. పెరియోడాంటైటిస్ అనే చిగుళ్ల జబ్బు వేరు. అందులో చిగురు పంటిని వదిలేస్తుంది, కింది ఎముక కరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న నోట్లో పంటికీ చిగురుకూ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటదు. జబ్బు ముదిరితే 5 దాటుతుంది, అంటే బియ్యపు గింజ నిలువునా దిగేంత లోతు. ఆ సందుల్లోని పుండునంతా ఒకచోట పరిస్తే అగ్గిపెట్టె ముఖమంత ఉండొచ్చు. కాలి మీద అంత పుండుంటే ఎవరూ ఊరుకోరు కదా!

మరి బిడ్డ మాట? ఈ భయం 1996లో మొదలైంది. అమెరికాలో 124 మంది తల్లులను పరిశీలించి, చిగుళ్ల జబ్బున్నవారికి నెలలు తక్కువ, బరువు తక్కువ కానుపుల ముప్పు ఏడు రెట్లకు పైగా ఉందన్నారు. 2002లో చిలీ నుంచి ఆశ పుట్టించే కబురొచ్చింది. గర్భంలోనే చికిత్స పొందినవారిలో అలాంటి కానుపులు నూటికి ఇద్దరికే అయ్యాయి, పొందనివారిలో పదిమందికి.

అయితే చిగుళ్ల జబ్బు ఉన్న ఇంట్లోనే చాలాసార్లు రక్తహీనత, పొగాకు, చాలీచాలని తిండి కూడా ఉంటాయి. తప్పు దేనిదో తేలాలంటే పెద్ద పరీక్ష కావాలి. అమెరికాలో 823 మంది గర్భిణులను చీటీలు తీసినట్టు రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు గర్భంలోనే పళ్ల గార తీసి చికిత్స చేశారు, రెండో గుంపుకు కానుపయ్యాక. 2006లో ఫలితం వచ్చింది. 37 వారాలు నిండకుండా కాన్పయినవారు మొదటి గుంపులో 407 మందికి 49, రెండో గుంపులో 405 మందికి 52. నూటికి చూస్తే 12, 12.8. రెండు చేల నుంచి నూరేసి శెనక్కాయలు తెచ్చి ఒలిస్తే ఒకదాంట్లో 12, ఇంకోదాంట్లో 13 పొల్లు కాయలు తేలాయనుకోండి. ఏ చేను మంచిదో దాన్నిబట్టి చెప్పగలమా? 2009లో అమెరికాలో సుమారు 1,800 మందితో, ఆస్ట్రేలియాలో వెయ్యికి పైగా గర్భిణులతో మళ్లీ చూశారు. అక్కడా తేడా తేలలేదు.

2017లో 15 పరీక్షలను, 7,161 మంది లెక్కలను కలిపి చూశారు. నెలల విషయంలో లాభం తేలలేదు. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డలు మాత్రం చికిత్స లేనిచోట నూటికి 12.6, చికిత్స ఉన్నచోట 9.7. అంటే నూటికి ముగ్గురు తక్కువ. కానీ దీనికి ఆధారం బలహీనం. దాన్ని పట్టుకుని ఏ తల్లికీ మాట ఇవ్వలేం.

అందుకే ఒకటి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. నెలలు తక్కువ బిడ్డను కన్న తల్లిని "పళ్లు సరిగ్గా తోమలేదు" అని అనకండి. ఈ లెక్కల్లో ఆ నిందకు చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తం తక్కువ. ఇంటిల్లిపాదీ ముందు పట్టించుకోవాల్సింది దాన్ని.

"బిడ్డకు లాభం లేకపోతే చేయించడం ఎందుకు?" అని అడుగుతారు. చేయించేది తల్లి నోటి కోసం. ఈ పరీక్షల్లో చికిత్సతో చిగుళ్లు కచ్చితంగా బాగుపడ్డాయి. అత్తగారి భయానికి కూడా జవాబు అక్కడే ఉంది. 2006 పరీక్షలో గర్భం నిలవకపోవడం, బిడ్డ దక్కకపోవడం చికిత్స గుంపులో 5, రెండో గుంపులో 14. చికిత్స హాని చేయలేదని చెప్పడానికి అది చాలు. గార తీస్తే పళ్లు వదులవుతాయన్నదీ నిజం కాదు. గార చాటున ఎప్పుడో వదులైన పన్ను, గార పోయాక బయటపడుతుంది, అంతే.

ఈ చికిత్సకు నాలుగో నెల నుంచి ఆరో నెల వరకు అనువైన సమయం. పెద్ద చికిత్స కావాలంటే కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, గువ్వలచెరువు ఘాటు దిగి 50 కిలోమీటర్ల దారి. వాంతయితే వెంటనే బ్రష్షు పట్టకండి. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించండి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు జరిగే పరీక్షలో చిగుళ్ల మాట మీరే ఎత్తండి. నోట్లో చీము, బుగ్గ వాపు, జ్వరం ఉంటే మాత్రం నెలలు లెక్కపెట్టకుండా ఆ రోజే వెళ్లండి. ఎన్నో నెలో డాక్టరుకు ముందే చెప్పండి. డాక్సీసైక్లిన్ లాంటి మందులు పుట్టబోయే బిడ్డ పళ్లకు మరకలు తేవచ్చు. ముఖ్యంగా 20 వారాల నుంచి ఐబూప్రొఫెన్ జాతి నొప్పి బిళ్లలను సొంతంగా కొని మింగకూడదు.