తెగిన నరం పెరిగేది రోజుకో మిల్లీమీటరు

గాజు పెంకు తగిలో, మిషనులో పడో మణికట్టు దగ్గర నరం తెగితే డాక్టర్లు కుట్టు వేస్తారు. పైన గాయం రెండు మూడు వారాల్లో మానుతుంది. వేళ్లకు స్పర్శ మాత్రం నెలలు గడిచినా రాదు. ఆపరేషన్ పాడైందేమోనని ఇంటిల్లిపాదీ కంగారు పడతాం. లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందాం.

వేలికి స్పర్శనిచ్చే నాడీకణం వెన్నుపాము పక్కన ఉంటుంది. అక్కడి నుంచి వేలి కొన దాకా ఒకే సన్నని పోగు సాగి వస్తుంది. దాన్నే ఆక్సాన్ అంటారు. అది తెగితే అవతలి ముక్క కొద్ది రోజుల్లో శిథిలమవుతుంది. కుట్టు వేసేది పాత పోగును అతికించడానికి కాదు, కొత్త పోగు పెరిగి రావడానికి దారి కలపడానికి.

ఆ పోగును పెంచేవి కణానికి అస్థిపంజరం లాంటి ప్రోటీన్లు. ట్యూబులిన్ అణువులు వరుసగా చేరి సన్నని గొట్టాలవుతాయి. అవి పోగుకు దూలాలు, లోపల సరుకు మోసే పట్టాలు కూడా. కొన దగ్గర ఆక్టిన్ అనే ప్రోటీన్ వేళ్లలా సాగి దారి తడుముతుంది. ఈ కొనను స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ 1890లో వర్ణించి 'గ్రోత్ కోన్' అని పేరు పెట్టారు.

ఈ పెరుగుదల రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మణికట్టు నుంచి వేలి కొనకు 15 సెంటీమీటర్ల పైమాటే. అంటే అయిదారు నెలలు ఓపిక పట్టాలి. అయితే కుట్టు వేయించడంలో ఆలస్యం పనికిరాదు. ఏడాది, ఏడాదిన్నర నరం అందకపోతే కండరం మళ్లీ కోలుకోవడం కష్టం.

వెన్నుపాములో పరిస్థితి వేరు. అక్కడ తెగిన కొనలో గొట్టాలు చిందరవందరై, కొన ఉబ్బి ఆగిపోతుంది. చుట్టూ ఉన్న కణజాలం కూడా అడ్డుపడుతుంది.

ఈ గొట్టాలతో ముడిపడిన మొక్క ఒకటి మన పెరట్లోనే ఉంది. అదే బిళ్లగన్నేరు. తమిళంలో నిత్యకల్యాణి, మరాఠీలో సదాఫులి. దాని నుంచి తీసే విన్‌క్రిస్టిన్ క్యాన్సర్ మందు. అది ట్యూబులిన్ గొట్టాలు కట్టుకోకుండా ఆపి, క్యాన్సర్ కణాల విభజనను అడ్డుకుంటుంది. అదే దెబ్బ నరాలకూ తగిలి కాళ్లు, చేతులు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు మందు మనంతట మనం మానకూడదు, బాధ దాచుకోకూడదు. వెంటనే డాక్టరుకు చెప్పాలి. షుగరుకు మంచిదని ఎవరో చెప్పారని ఈ ఆకు రసం తాగడమూ ప్రమాదమే.